‘మేము’ - ‘మనము’ : జాతీయతను గూర్చిన కొన్ని గ్రంథములు

ఆంగ్లమున ‘ఉయ్’ అను సర్వనామ మొక్కటియే. సంస్కృతమున బహువచనమునకు ‘వయమ్’ ఒక్కటియే. ప్రామాణికమైన హిందీలో ‘హమ్’ ఒక్కటియే. తెలుగున మాత్రము రెండు కలవు. ఎదుటివానిని విడిచి చెప్పునది ‘మేము’. ఎదుటివానిని కలుపుకొని చెప్పునది ‘మనము’. ‘మేము భోజనమునకు లేచుచున్నాము’ అన్నచో వినువాడు కూర్చుండియే యుండవలెను. ‘మనము భోజనమునకు లేతము’ అన్నచో కాళ్లు కడుగుకొనవలెను. ఐదేండ్ల పసివాడైనను ఈ భేదమునందు పొరపడడు. తమిళ, మరాఠీ, గుజరాతీ భాషలందును ఇట్టి భేదమున్నది. ఆధునిక కన్నడము దీనిని విడిచి ‘నావు’ అను ఒక్క మాటతో సరిపెట్టుకొన్నది. మనము విడువలేదు.

వ్యాకరణ విషయముగా మాత్రమే కన్పట్టు ఈ భేదము, లోకమును ఊపివేసిన ఒక పెద్ద భావమును పరీక్షించుటకు గీటురాయి కాగలదని నా అభిప్రాయము. ఆ భావము జాతీయత. దానిని గూర్చి ఎన్నియో గ్రంథములు వచ్చినవి, ఇంకను వచ్చుచున్నవి. కొన్ని చదువరి గుండెను పొంగించును. కొన్ని అతనిని ఆలోచింపజేయును. కొన్ని పొరుగువానిపై కన్నెఱ్ఱ చేయించును. ఏది ఎట్టిదో తెలియుట ఎట్లు? పుస్తకము మూయునప్పుడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ఇందులో పలుకుచున్నది ‘మేము’ అను గొంతుకయా, ‘మనము’ అను గొంతుకయా? ఆ మాటకు వెలుపల నిలువబడినవారెవరు?

ముందుగా ‘జాతి’ అను మాటనే చూతము. పుట్టుకను తెలుపు ధాతువునుండి వచ్చిన మాట యిది. పక్షిజాతి, మృగజాతి అనుచున్నాము. మేలైన మణిని జాతిరత్నమనుచున్నాము. ఛందస్సున వృత్తములకు వేరుగా ద్విపద, తరువోజ మొదలగువానిని జాతులనుచున్నాము. కులమునకును అదే మాట వాడుచున్నాము. ఒక భాషకే ప్రత్యేకమై, మఱియొక భాషలోనికి మాటకు మాటగా దింపరాని పలుకుబడిని ‘జాతీయము’ అనుచున్నాము. ఇన్ని అర్థములు మోయుచున్న మాటపై, ఆంగ్లవిద్య వచ్చిన పిదప ‘నేషన్’ అను బరువునుకూడ ఎత్తితిమి. చిత్రమేమనగా, ఆ అనువాదము తప్పు కాదు. ‘నేషన్’ పదమునకు మూలమైన లాటిను మాటకును పుట్టుక యనియే అర్థము. మాటయే ఇట్లు పుట్టుకను పట్టుకొని యుండగా, జాతియనిన ఒక్క రక్తము, ఒక్క మతము, ఒక్క కులము అని తలచువారు ఏర్పడుట వింత కాదు.

ఈ తలపును ఎదిరించిన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎర్నెస్టు రెనాన్ అను ఫ్రెంచి పండితుడు 1882 మార్చి 11వ తేదీన పారిసు నగరమందలి సోర్బోను విద్యాపీఠమున చేసిన ఉపన్యాసము. ‘జాతి యననేమి?’ అనునది దాని శీర్షిక. 1870-71 యుద్ధమున ఫ్రాన్సు ఓడిపోయి, అల్సాస్ దేశమును, లొరేన్‌లో కొంత భాగమును జర్మనీకి వదలుకొన్నది. అచటి జనులలో పెక్కురు మాటలాడునది జర్మను పలుకుబడియే గావున వారు మావారేయని జర్మనులు వాదించిరి. రెనాన్ ఆ వాదమును మూలచ్ఛేదము చేసెను. రక్తము జాతిని నిర్మింపదు, భాష నిర్మింపదు, మతము నిర్మింపదు, కొండలును నదులును నిర్మింపవు. కలసి అనుభవించిన గతమును, కలసి బ్రతుకుదమను నేటి సమ్మతియు, ఈ రెండే జాతికి ప్రాణము. ఆ సమ్మతి ఒకనాడు ఇచ్చి మఱచిపోవునది కాదు, ప్రతిదినము ఇచ్చుచుండవలసినది.

ఆ ఉపన్యాసముననే మఱియొక మాట యున్నది. ఉపాధ్యాయులను అది కలవరపెట్టక మానదు. జాతి ఏర్పడుటకు జ్ఞాపకమెంత అవసరమో మఱపును అంత అవసరమని రెనాన్ వాదన. 1572లో ఫ్రాన్సునందు జరిగిన ప్రొటెస్టెంటుల ఊచకోతను ఫ్రెంచివారు మఱచియుండవలెననియు, చరిత్ర పరిశోధన ముదిరినకొలది జాతీయ భావమునకు అపాయము కలుగవచ్చుననియు అతడు చెప్పెను. ఇది సత్యమైనచో చరిత్ర చెప్పు ఉపాధ్యాయుని గతియేమి? ఉన్నదున్నట్లు చెప్పవలెనా, ఐక్యము కొఱకు కొంత దాచవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము మన తెలుగు గ్రంథములలోనే దొరకునని నా నమ్మకము. ఆ దారిని పోవుటకు ముందు మఱి రెండు మెట్లు ఎక్కవలసియున్నది.

జాతీయతను గూర్చిన విద్యావిషయక చర్చలో 1983 ఒక విశేష సంవత్సరము. ఆ ఒక్క యేడే మూడు ముఖ్య గ్రంథములు వెలువడినవి. ఎర్నెస్టు గెల్నర్ ‘నేషన్స్ అండ్ నేషనలిజమ్’ అను గ్రంథమున, యంత్రపరిశ్రమలతో నడచు సమాజమునకు ఒకే తీరుగా చదువుకొన్న జనులు కావలసివచ్చిరనియు, ఆ చదువునుండి జాతీయత పుట్టెననియు వాదించెను. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ అను చరిత్రకారులు సంపాదకులుగా వెలువరించిన ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్’, అనాదియని మనము తలచు ఆచారములలో పెక్కింటి వయస్సు నూరేండ్లు మాత్రమేయని చూపెను. ఆగ్నేయాసియా దేశములను, విశేషించి ఇండొనీసియాను, అధ్యయనము చేసిన బెనిడిక్ట్ ఆండర్సన్ ‘ఇమేజిన్డ్ కమ్యూనిటీస్’ అను గ్రంథమును రచించెను.

మూడింటిలో ఆండర్సన్ గ్రంథమే సాహిత్య విద్యార్థులకు దగ్గఱైనది. జాతి యనునది భావనలో నిలిచిన సమాజమని అతని సిద్ధాంతము. ఎంత చిన్న దేశమందైనను ఏ పౌరుడును తక్కిన పౌరులందఱిని ఎఱుగడు. అయినను వారు తనవారను భావన అతని మనస్సున మెలగుచుండును. భావన యనగా అబద్ధమని కాదు. కావ్యము చదువువానికి భావన యెంత సత్యమో మన ఆలంకారికులకు తెలియును. ఈ భావనను కలిగించినదేమి? అచ్చుయంత్రము, పుస్తకముల అంగడి, వార్తాపత్రిక, నవల అని ఆండర్సన్ సమాధానము. ఉదయమున ఒకే పత్రికను వేలమంది విప్పుదురు. ఒకరినొకరు చూడరు, అయినను తక్కినవారుకూడ దానినే చదువుచున్నారని ప్రతివానికిని తెలియును.

దీనిపై మన దేశీయుడైన పార్థ చటర్జీ 1993లో వెలువడిన ‘ది నేషన్ అండ్ ఇట్స్ ఫ్రాగ్మెంట్స్’ అను గ్రంథమున ఒక చురుకైన ప్రశ్న వేసెను. యూరపు, అమెరికా ఖండములు భావించి సిద్ధపఱచిన అచ్చులలోనే తక్కిన లోకము పోసికొనవలసినచో, మనము భావించుటకు మిగిలినదేమి? మంచి ప్రశ్నయే. తెలుగునాట భావన ఎట్లు సాగినదో చూచిన దీనికి కొంత బదులు దొరకును.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. తరువాత అది మదరాసునకు తరలినది. చరిత్రను, జీవశాస్త్రమును, పదార్థవిజ్ఞానమును తెలుగున చదువగోరువారికి ఆనాడు పుస్తకములు లేవు. ఆ కొఱత తీర్చుట మండలి సంకల్పము. 1907లో వెలువడిన మండలి తొలి గ్రంథమేది? కాకతీయుల చరిత్ర కాదు, రాయల చరిత్ర కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర. కఱ్ఱగుడిసెలో పుట్టి, దేశాధ్యక్షుడై, బానిసలకు విముక్తి ప్రకటించిన పరదేశీయుని కథతో తెలుగువారి జాతీయ గ్రంథమాల ఆరంభమైనది. ఆ రచయిత మఱుసటి యేడే పత్రికలోని వ్యాసమునకై రాజద్రోహ నేరముపై చెఱసాలకు పోయెను. తన దేశమును ప్రేమించుటకు అన్యదేశపు మహనీయుని దూరముంచ నక్కఱలేదని ఆ తరమువారికి తెలియును. ఆ తొలి పుస్తకపు గొంతుక ‘మనము’ అనునది. ఆ మనములో లోకమునకును చోటున్నది.

అదే మండలి 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగమును వెలువరించినది. చెన్నపట్టణ రాజధానిలో ఆంగ్లేయుల చదువు చదివి, తమకొక గతమున్నదని ఎఱుగని యువకులకు ఆ గ్రంథము అద్దము చూపినట్లయినది. మూడేండ్లకు, 1913లో, బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ సమావేశమైనది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగినది. పుస్తకము, గ్రంథాలయము, సభ, ఉద్యమము - ఈ వరుసను చూచినచో ఆండర్సన్ సిద్ధాంతమునకు తెలుగునాడే నిదర్శనమనిపించును. అయితే అట్టి చరిత్రలో మెఱయునది రాజవంశముల క్రమము, శాసనములు, యుద్ధములు. వానిలో పొలము దున్నినవాడు కానరాడు, నేత నేసినవాడు కానరాడు. దేశమును ఏలినవారు కనిపించిరి. దేశమందున్నవారు మఱుగున నిలిచిరి.

సరిగా ఆ 1910లోనే గురజాడ అప్పారావుగారు ‘దేశభక్తి’ గీతమును రచించిరి. ఆ గీతమునెఱుగని తెలుగు విద్యార్థి లేడు గావున దానినిచట ఉదాహరింపను. దేశమను మాటకు అర్థమును నేలనుండి తీసి నరులకు ఇచ్చుటయే ఆయన చేసిన మహోపకారము. మూడు దశాబ్దముల పిదప, 1944లో అహమ్మదునగరు కోటలో బందీయై జవహర్‌లాల్ నెహ్రూ వ్రాసి, 1946లో ప్రచురించిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’లో ఒక ఘట్టమున్నది. గ్రామసభలలో తనకు జయము పలికిన రైతులను భారతమాత యెవరని ఆయన అడుగుచుండెను. ఒకడు భూమి యని చెప్పెను. ఏ భూమి, మీ యూరి భూమియా, జిల్లా భూమియా అని ఆయన మఱల అడిగెను. చివరకు, కోట్లకొలది జనులే భారతమాత యనియు, అడిగిన మీరును అందులో ఒక అంశమేయనియు వివరించెను. విజయనగర కవి పాటలో చెప్పినదానిని ఆ నాయకుడు రైతులతో సంభాషణగా నడిపెను. ఒకరినుండి ఒకరు గ్రహించిరని నేననను. ఆ సత్యము ఇరువురకును ప్రత్యక్షమైనదని మాత్రమందును.

నరులే దేశమైనచో, ఏ నరులు? ఈ ప్రశ్నను తెలుగున నిర్మొగమాటముగా వేసిన నవల ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. 1922లో వెలువడిన ఆ గ్రంథమును మదరాసు ప్రభుత్వము నిషేధించినది. స్వరాజ్యోద్యమపు ఉత్సాహమంతయు అందులో నున్నది. అయితే కథకు కేంద్రము పట్టణపు వకీలు ఇల్లు గాదు, మాలవాడలోని రామదాసు ఇల్లు. అతని కుమారుడు సంగదాసు పెత్తందారు చేతిలో ప్రాణము కోల్పోవును. ఆంగ్లేయుడు వెడలిపోయినంత మాత్రమున ఈ ఇంటికి స్వరాజ్యము వచ్చునా యని ఆ నవల అడుగకయే అడుగుచున్నది.

1936లో డాక్టరు అంబేద్కరు ఆ ప్రశ్ననే తర్కబద్ధముగా వేసెను. లాహోరు నగరమున చదువవలసిన ఆయన అధ్యక్షోపన్యాసమును సభానిర్వాహకులు వినిపింపనీయలేదు. ఆయన దానిని ‘అనిహిలేషన్ ఆఫ్ కాస్ట్’ అను పేర తానే అచ్చొత్తించెను. కులమున్నంతకాలము అందఱును కలసి అనుభవించు బ్రతుకు ఏర్పడదనియు, అది లేనిచో సమాజమే లేదనియు ఆయన వాదము. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ పరిషత్తులో ఆ హెచ్చరికనే మఱల వినిపించెను. 1941లో గుఱ్ఱము జాషువ రచించిన ‘గబ్బిలము’నకు వస్తువును ఇదియే. మేఘసందేశమందలి యక్షుని స్థానమున ఒక అస్పృశ్యుడున్నాడు. అతని సందేశమును కాశీ విశ్వనాథునికి మోయునది గబ్బిలము. ఏలయనగా గుడిలోనికి పోవ దానికి అడ్డు లేదు, అతనికున్నది. అయినను ఆ కావ్యమున స్వదేశముపై ప్రేమ ఏమాత్రమును కొఱవడలేదు. వాకిట నిలువబెట్టినను ఇంటిని తనదే యనువాడు ఆ ఇంటికి చేయు ఉపకారమిది. ‘మీ మనములో నాకు చోటేది?’ అని అతడడుగుటచేతనే ఆ మాట పెద్దదగుచున్నది.

వెలుపల నిలువబడుట కులమువలననే గాదు, ప్రాంతమువలనను కలుగును. నిజాము రాజ్యమందలి తెలుగుసీమలో కవులు పూజ్యమను అర్థము వచ్చునట్లు ఒక వ్యాసము వెలువడగా, సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో బదులు వ్రాసి ఊరకుండలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. ఆంధ్రులమను ‘మేము’ మఱచిన జనమును ‘మనము’లోనికి ఆయన పుస్తకముతోనే తెచ్చిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును, 2014లో తెలంగాణ రాష్ట్రమును ఏర్పడినవి. పాలనకు హద్దులు మాఱినను ఆ సంచిక చెప్పిన పాఠము మాఱలేదు. ఒకే భాష మాటలాడుట మాత్రముననే ‘మనము’ సిద్ధింపదు. ఎదుటివాని కృషిని గుర్తించినప్పుడే అది సిద్ధించును.

ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిరి. ఆయన మరణానంతరము, 1955లో, తెలుగున తొలి సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథమునకే లభించినది. రాజులకు మాఱుగా ప్రజలు ఇందలి నాయకులు. వారేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వేలుపులను కొలిచిరి, ఏ మూఢనమ్మకములు పట్టుకొని వ్రేలాడిరి - అంతయు క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, హంసవింశతి మొదలగు కావ్యములనుండి ఏఱి కూర్చిరి. మంచిని చెప్పి చెడుగును దాచలేదు. రెనాన్ వేసిన చిక్కు ఇచట విడిపోవుచున్నది. రాజుల విజయములపై కట్టిన జాతీయతకు మఱపు కావలెను. ఒకరి విజయము మఱియొకరి పరాజయము గదా! జనుల బ్రతుకుపై కట్టిన జాతీయతకు మఱపుతో పనిలేదు. అంబలి త్రాగినవాడు, జొన్న దంచినది, గోలీలాడినవాడు ఎవరికిని శత్రువులు కారు. వారి తప్పులుకూడ మన యింటి తప్పులే గావున చెప్పుకొని దిద్దుకొనవచ్చును.

దేశభక్తి ఎంత మంచిదైనను ‘మేము’ అనుటతో ఆగిపోయినచో ఏమగునో చూపినవాడు రవీంద్రుడు. 1916లో జపానునందును అమెరికాయందును ఆయన చేసిన ఉపన్యాసములు 1917లో ‘నేషనలిజమ్’ అను గ్రంథముగా వచ్చినవి. యూరపు యుద్ధాగ్నిలో మునిగియున్న కాలమది. మనుష్యుని మఱచి యంత్రమువలె ఒకటై ఇతరులపై పడు జాతిని ఆయన తీవ్రముగా ఖండించెను. ఆతిథ్యమిచ్చిన జపానీయులకే ఆ మాటలు రుచింపలేదు. ఆ గ్రంథకర్తయే మన జాతీయగీతకర్త. 1919లో మదనపల్లె కళాశాలలో కొన్నాళ్లుండి, ఆ గీతమునకు స్వయముగా ఆంగ్లానువాదము వ్రాసి ఇచ్చినదియు ఆయనయే. జాతిగీతమును రచించిన చేయియే జాత్యహంకారమును ఖండించినదని విద్యార్థులకు చెప్పవలెను. ఆ రెంటికిని వైరుధ్యము లేదు. ఇంటిని ప్రేమించువాడే ఇంటికప్పు కాలుచున్నదని కేకవేయును.

ఇక మన పాఠశాలల మాట. పాఠ్యపుస్తకముల మొదటి పుటలలో విద్యార్థి రెండు పాఠములను చూచుచున్నాడు. ఒకటి రాజ్యాంగ పీఠిక. తెలుగు పాఠమున దాని సర్వనామము ‘మేము’. లోకము వినునట్లు ఒక జనసమూహము చేసిన ప్రకటన గావున అది తగియేయున్నది. రెండవది ప్రతిజ్ఞ. దానిని 1962లో విశాఖపట్టణమున తెలుగుననే మొదట వ్రాసినవారు పైడిమఱ్ఱి వెంకట సుబ్బారావుగారు. నల్లగొండ జిల్లా అన్నేపర్తిలో పుట్టి, విశాఖలో ఖజానా అధికారిగా పనిచేసినవారు. 1965 జనవరి 26 నుండి అది దేశమంతట పాఠశాలలలో వాడుకలోనికి వచ్చినది. చాలకాలము ఆయన పేరు ఆ పుటపై కానరాలేదు. ప్రతిజ్ఞ సర్వనామము ‘నేను’. ప్రతి బిడ్డయు తన తరఫున తాను మాట యిచ్చుచున్నాడు. రెనాన్ కోరిన దైనందిన సమ్మతి యిదియే. పీఠికలో ‘మేము’ ఉన్నది, ప్రతిజ్ఞలో ‘నేను’ ఉన్నది. ‘మనము’ను చేర్చవలసినవాడు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు.

అందులకై ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న అభ్యాసమును సూచించుచున్నాను. చరిత్ర పాఠమున ‘మన’ అను మాట వచ్చిన ప్రతిచోటను విద్యార్థులచే గీత గీయింపుడు. ఆ ‘మన’లో తరగతిలోని అందఱును ఉన్నారా యని వారినే అడుగుడు. ‘మన రాజులు’ అన్నచోట కాకతి గణపతిదేవుడును రాయలును మాత్రమే ఉన్నచో, అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అంకితమందిన గోలకొండ ప్రభువు ఇబ్రహీము కుతుబ్‌షాను, తొలి అచ్చతెలుగు కావ్యమగు పొన్నికంటి తెలగనార్యుని ‘యయాతిచరిత్రము’నకు కృతిపతియైన అమీనుఖానును చేర్చి చెప్పుడు. ‘మన పూర్వులు’ అన్నచోట కోట కట్టించినవానితోపాటు రాళ్లు మోసినవానిని తలపింపుడు. పాఠశాల గ్రంథాలయమున ‘ఆంధ్రుల చరిత్రము’, ‘మాలపల్లి’, ‘గబ్బిలము’, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ నాలుగింటిని ఒకే అఱలో ప్రక్కప్రక్కన ఉంచుడు. ఒకదాని లోపమును మఱియొకటి పూరించును.

వెనుక బల్లపై కూర్చున్న ఒక బాలిక గాని బాలుడు గాని ‘ఈ మాటలో నేను లేను’ అని మనస్సులో అనుకొని మౌనముగా నుండినచో, ఆనాటి దేశభక్తి పాఠము ఎంత గంభీరముగా చెప్పినను నిష్ఫలమే. ఆ బిడ్డ తలయెత్తి చూచినచో పాఠము ఫలించినట్లే. మన పూర్వులు రెండు సర్వనామములను విడివిడిగా కాపాడి మనకిచ్చిరి. ఏది ఎచట వాడవలెనో పిల్లలకు నేర్పుట తెలుగు వాచకముతోనే ముగియునది కాదు.